మనవాళ్ళకు రాని జబ్బు

మా బావకు మందుల కొట్టుంది. ముప్పై ఏళ్ళుగా డాక్టర్ల చీటీలు చదివీ చదివీ తానూ డాక్టరేనన్న భ్రమ ముదిరింది. చీటీ తెచ్చినవాళ్ళకు మందు ఇచ్చి ఊరుకోడు, అందులో డాక్టరు ఏం తప్పు రాశాడో కూడా చెప్తాడు. అడగకపోయినా చెప్తాడు. మిడిమిడి జ్ఞానం ఉన్నవాడి నోటికి తాళం వేసేదెవరు?

గుండెల్లో మంట అంటూ వచ్చేవాళ్ళంటే ఆయనకు మరీ ముద్దు. ఎవరో మందుల కంపెనీ మనిషి ఇచ్చిపోయిన కాగితం ఒకటి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. పొట్టలో ఆమ్లం పైకి తన్నే జబ్బు అన్ని జాతుల్లోనూ ఉంది, కానీ అది ముదిరి అన్నవాహిక పొర మారిపోయి క్యాన్సర్ దాకా పోవడం తెల్లవాళ్ళలో ఎక్కువ, మనలో తక్కువ అని అందులో ఉంది. ఆ తక్కువను మా బావ అసలు లేదని చదువుకున్నాడు.

"డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూడాలన్నారా? ఎందుకండీ! అది తెల్లవాళ్ళ రోగం. మన రక్తంలోనే లేదు. ఈ మాత్ర పరగడుపున వేసుకోండి, చాలు."

ఆసుపత్రిలో ఆ గొట్టాలు కడిగే పని నాది. అక్కడ బల్ల మీద అన్ని రంగుల మనుషులూ పడుకుంటారు. ఆ మాటే ఒకసారి బావతో అన్నాను.

"నువ్వు కడిగేదానివి, చదివేదానివి కాదుగా మరదలా," అని నవ్వాడు.

మా అక్క గుండెల్లో మంటకు పదేళ్ళు ఆయన మాత్రలే మింగింది. తర్వాత రెండేళ్ళు ముద్ద దిగక రొట్టె పాలలో నానబెట్టుకుని, ముద్దకో గుక్క నీళ్ళు తాగుతూ తిన్నది. మా బావ దాన్ని చుట్టాల ముందు గొప్పగా చూపించేవాడు. "మా ఆవిణ్ణి చూసి నేర్చుకోండి, ఎంత నిదానంగా తింటుందో!" ఆ కంచం తీసి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మంచినీళ్ళు కూడా వెనక్కి వచ్చిన రోజు అక్కను నేనే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. అన్నవాహిక చివర గడ్డ ఉంది. క్యాన్సరేనని పరీక్షలో తేలాక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"నమూనా మారిపోయి ఉంటుందండీ. మనవాళ్ళకి రాదిది," అన్నాడు బావ.

"తక్కువమందికి వస్తుందంటే మీ ఇంటికి రాదని కాదు. రాదనుకునే ఇంత ఆలస్యంగా తీసుకొస్తారు. మింగలేకపోవడం ఎప్పట్నుంచి?"

"రెండు వారాలండీ," అన్నాడు బావ.

"రెండేళ్ళు," అంది అక్క.

ఆపరేషన్ నాటి పొద్దున నర్సు సంతకానికి కాగితం తెచ్చింది. బావ కళ్ళజోడు పెట్టుకుని, జేబులో కలం తీసి, అందులోనూ తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. సిగ్గన్నది ఏ కొట్లోనూ దొరకదు కాబోలు. అక్క ఆ కాగితం లాక్కుని తనే సంతకం పెట్టింది. ఆ చెయ్యి పుల్లలా ఉంది.

"మీరు కొట్టుకి వెళ్ళండి. చెల్లి ఉంటుందిలెండి," అంది.

"నిజంగా వెళ్ళనా?"

అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది.

బావ గడియారం చూసుకుని లేచాడు. అక్కను లోపలికి తీసుకెళ్ళేసరికి ఆయన కొట్టు తెరిచేశాడు.