మోయడానికి ఆరుగురు

అమెరికా ఉత్తరాది ఊళ్లు ఎలా ముసలివవుతున్నాయో మాస్టర్స్ ప్రాజెక్టు కోసం గ్రాఫులు గీసి గీసి విసుగొచ్చింది. ఒక్కసారి కళ్లతో చూద్దామని మే నెలలో ఓ ఉదయం తొమ్మిదికి మైనాట్‌లో పడమటి రైలెక్కాను. ఎడిసన్‌లో ఉండే నా ఫ్రెండ్ సందీప్ ఫోన్‌లో నవ్వాడు. "సెలవులకి మోంటానా ఏందిరా? ఆడ మనుషులకంటే ఆవులే ఎక్కువ."

దారంతా పొలాలే. పక్క సీటు పెద్దాయన పెంకులూడిన బడి చూపించి, "నేను చదివిందిక్కడే. పిల్లలు లేక మూసేశారు" అన్నాడు.

మధ్యాహ్నం మోంటానాలో ఓ చిన్న స్టేషన్లో దిగాను. ఊళ్లో ఒకటే మోటెల్. గదులన్నీ ఖాళీయే కనుక ముందు బుక్ చేసుకోనక్కర్లేదు. తిండికి మాత్రం పెట్రోలు బంకులో పిజ్జా ముక్కే దిక్కు.

మోటెల్ నడిపే డొరొతీకి ఎనభై దాటాయి. తాళం ఇవ్వకముందే, "నడుం నొప్పి ఏమైనా ఉందా, హనీ?" అంది. లేదన్నాను. అప్పుడు చెప్పింది. భర్త వాల్ట్ జనవరిలో పోయాడు. నేల రాయిలా గడ్డకట్టింది కాబట్టి శవపేటికను వసంతందాకా భద్రపరిచారు. రేపు పదింటికి ఖననం. మోయడానికి ఆరుగురు కావాలి, ఊళ్లో ఐదుగురే తేలారు. "చక్రాల బండి ఉందంటున్నారు. ఆయన్ని సామానులా తోసుకెళ్లనివ్వను."

ఒప్పుకున్నానని చెబితే సందీప్ కసిరాడు. "మీ నాన్న ఉండగా శవాన్ని మోస్తావా? మీ అమ్మకి తెలిస్తే చంపుద్ది!" నాకూ గుబులుగానే ఉంది. కానీ పోతే మోయడానికి నలుగురు కావాలన్న మాట వింటూ పెరిగినవాణ్ని, ఆమెకి కాదని ఎలా చెప్పను?

మర్నాడు శ్మశానంలో ఆ ఐదుగురిలో చిన్నవాడు ఎర్ల్, అతనికే డెబ్బై రెండు. పేటిక ఎత్తగానే, మనవైపు పాడె మోయడం చూసిన అలవాటుకొద్దీ నా మూల భుజానికెత్తుకున్నాను. అటువైపు ముసలాళ్లు తూలిపోయారు. "కిందికి దించు, బాబూ! హ్యాండిల్ చేత్తో పట్టుకో!" అని ఎర్ల్ అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుస్తున్న డొరొతీ నవ్వేసింది.

ఆ కాస్త దూరానికీ దమ్ము తీసుకోవడానికి పలుమార్లు ఆగారు. నా గ్రాఫులో పైన, డెబ్బై దాటినవాళ్ల దగ్గర లావుగా ఉండే గీత వీళ్లే. ఆ గీత ఇంతలా ఆయాసపడుతుందని నాకు తెలియదు. గోతి దగ్గర నాకూ ఏడుపొచ్చింది.

సాయంత్రం డొరొతీయే తన ట్రక్కులో స్టేషన్‌కి దింపింది. దారికి గుడ్డు శాండ్‌విచ్ కట్టిచ్చింది. రైలొస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నా వంతు వచ్చినప్పుడు ఎర్ల్ ఫోన్ చేస్తాడు. వస్తావా?"

వస్తానన్నాను. ఉద్యోగం దొరక్కపోతే చలికాలానికి నా వీసా గడువు అయిపోతుందని చెప్పడానికి నోరు రాలేదు.

మీరెవరైనా అటు వెళ్తే మే నెలలో, నేల మెత్తబడ్డాక వెళ్లండి. గది తప్పకుండా దొరుకుతుంది. డొరొతీ ఎలా ఉందో అడగండి.