మొత్తానికి ఐదు, ఆ దారికి నాలుగు

ఆఫీసులో అందరూ ఆయన్ని ‘ఐదింటి బాబాయి’ అనేవారు. సాయంత్రం ఐదు కాగానే కంప్యూటరు కట్టేసి, ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని లేచేవాడు. “ఇంటావిడ ఎదురుచూస్తుంటుంది” అనేవాడు. “అయ్యో పాపం, ఈ వయసులోనూ బాబాయికి ఎంత భయమో!” అని పక్క బల్లల వాళ్ళు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నేలను చదును చేయడం ఆయన పని. పార పట్టుకుని కాదు లెండి, కుర్చీలో కూర్చునే. కట్టడం మొదలుకాకముందే ఎక్కడ మట్టి తవ్వాలో, ఎక్కడ పోయాలో తేల్చాలి. ఆ లెక్కంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. మనిషి చేయాల్సిందల్లా ముందుగా ప్రాజెక్టు మొత్తానికీ సెట్టింగులు పెట్టడం. వాన నీరు నిలవకుండా కనీసం ఎంత వాలు కావాలి, నడిచేవాళ్ళకి ఆయాసం రాకుండా ఎంత మించకూడదు, ఇలాంటివి. అక్కడ ఒక్క అంకె మారిస్తే చాలు, ఎకరాలకెకరాల నేల పైకీ కిందకీ అయిపోతుంది.

బాబాయి ఏ ప్రాజెక్టు తెరిచినా నడకదారుల వాలు నాలుగు దాటనిచ్చేవాడు కాదు. అంటే, నూరడుగులు నడిస్తే నాలుగడుగుల ఎత్తు. రూలేమో ఐదు దాకా ఒప్పుకుంటుంది. ఈ మొండిపట్టు ఏమిటో ఎవరికీ బోధపడలేదు.

ఆసుపత్రి స్థలం దగ్గర చిక్కొచ్చిపడింది. నాలుగైతే లారీలకు లారీల మట్టి బయటినుంచి తోలాలి. “బాబాయ్, మొత్తానికి ఐదు చేసేయండి” అంది మేనేజరమ్మ. చేశాడు. మట్టి సగానికి తగ్గింది. కానీ ఆ సాఫ్ట్‌వేరులో ఒక కిటుకుంది. ఏ ముక్కకైనా విడిగా అంకె పెడితే, మొత్తానికి పెట్టింది అక్కడ చెల్లదు. గేటు నుంచి ఆసుపత్రి తలుపు దాకా ఉన్న దారికి మాత్రం గుట్టుగా నాలుగు పెట్టేశాడు.

మర్నాడు మేనేజరమ్మ పట్టేసింది.

“ఇదొక్కటీ మరిచిపోయారా బాబాయ్?”

“మరిచిపోలేదమ్మా. ఐదులో మా ఆవిడ చక్రాల కుర్చీ వెనక్కి లాగేస్తుంది. తోసేసరికి చేతులు పీకేస్తాయి.”

“రూలు ఒప్పుకుంటుందిగా?”

“రూలుకేం, అది కుర్చీ తొయ్యదు కదా!”

ఆమె పకపకా నవ్వింది. మంచి పిల్లే. “సరే, పిన్నిగారిని రేపు తీసుకురండి. మన పాత సైటులో ఐదు దారి ఉందిగా, అక్కడ తోసి చూద్దాం. ఆవిడ కష్టమంటే నాలుగే ఉంచేద్దాం. నాకూ ఆవిణ్ణి చూడాలని ఎప్పట్నుంచో ఉంది.”

ఆవిడ ఊళ్ళో లేదని చెప్పి బాబాయి తప్పించుకోవచ్చు. అప్పుడు ఆ నాలుగు ఐదైపోతుంది. నిజం చెబితే, ఇన్నాళ్ళూ ఈ గదిలో బతికున్న మనిషి పోతుంది.

“ఆవిడ పోయి ఆరేళ్ళయిందమ్మా” అన్నాడు. “నేనిక్కడ చేరకముందే.”

మేనేజరమ్మ నాలుగుని అలాగే ఉంచి ఫైలు సేవ్ చేసింది.

ఐదయింది. ఎవరూ ఆటపట్టించలేదు. బాబాయి సంచి భుజానికి తగిలించుకుని, అలవాటుగా “ఇంటావిడ...” అనబోయి నాలుక కరుచుకున్నాడు. ఇంట్లో ఎవరున్నారు గనక? తాళం, మడిచి గోడకి ఆనించిన కుర్చీ. సంచి కింద పెట్టి, కట్టేసిన కంప్యూటరు మళ్ళీ తెరుచుకుని కూర్చున్నాడు.