ఫ్యానుకు కట్టిన గుడ్డ

ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టుకుని పనిచేసేవాళ్లను చూస్తే నాకు ఒక లారీ డ్రైవరు గుర్తొస్తాడు.

ఎనభైల చివర్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పనిచేసేవాణ్ణి. చుట్టూ కాలనీలు లేస్తున్న రోజులు. సిమెంటు దుమ్మంతా గదిలోకే వచ్చేది. కంప్యూటర్‌కు దుమ్మే శత్రువని లైబ్రరీలో చదివాను కనుక, మాకున్న ఒక్క కంప్యూటర్ వెనక, ఫ్యాను జాలీ మీద మందపాటి గుడ్డ బిగించి కట్టాను. నెల తిరగకుండానే కంప్యూటర్ మధ్యాహ్నాల్లో ఆగిపోసాగింది.

"ఇవాళ బాగుచేయించకపోతే రేపట్నించి నువ్వు రావద్దు," అన్నాడు యజమాని.

మలక్‌పేటలోని రిపేరు షాపుకని, ఎల్బీనగర్ నుంచి అటు పోయే బస్సెక్కి, కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో ఆ లారీ డ్రైవరు.

"గట్ల మొకం ఏలాడేసినవేంది తమ్మీ?"

సంగతి చెప్పాను. ఆయన వంగి పెట్టె వెనక చూశాడు.

"గీ గుడ్డ ఎవరు కట్టిండ్రు?"

"నేనే అన్నా. దుమ్ము లోపలికి పోవద్దని. పుస్తకంల చదివిన."

"మరి లోపలి వేడి ఎటు పోవాలె? సలికాలం పొద్దుగాల మేం లారీ రేడియేటర్‌కు గోనెసంచి కడ్తం. ఎండెక్కినంక ఇప్పకపోతే ఇంజన్ ఖతమే."

ముడి విప్పి, గుడ్డ దులిపి, మడిచి నా జేబులో పెట్టాడు. "దుమ్ముకు నీ ముక్కుకు కట్టుకో."

మలక్‌పేటలో దిగి, రిపేరు షాపుకు పోకుండా ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చాను. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఇది కూడా లైబ్రరీలో చదివిందేనా?" అన్నాడు యజమాని నవ్వుతూ.

"కాదు సార్," అన్నాను. "బస్సులో నేర్చుకున్నది."