పొడుం డబ్బాలో మిగిలిన పది పైసల బిళ్ళ

మా చిన్నప్పుడు ఉయ్యూరు బస్టాండు పక్కన, పంచదార మిల్లుకెళ్ళే చెరకు బళ్ళు వరసగా ఆగే చోట, మా నాయనమ్మ గంప ముందేసుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేది... బడి వదలగానే పరుగెత్తుకెళ్ళి ఆవిడ పక్కన గోనెపట్టా మీద కూలబడేవాణ్ణి.

నాయనమ్మకి కళ్ళల్లో పొర కమ్మేసింది. మనిషి ఆకారం తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. అయినా బేరం ఆగలేదండీ! ఆ రోజుల్లో చిల్లర అలాంటిది మరి. ఐదు పైసలు నాలుగు పలకలుగా, మూడు పైసలు ఆరు మూలలతో, పది పైసలు అంచంతా పువ్వు రేకుల్లా... రెండు పైసలకీ అలాంటి అంచే, కాకపోతే చిన్నది. పావలాకేమో అంచున సన్నటి గీతలు. బొటనవేలు అలా తిప్పితే చాలు, ఏ బిళ్ళో ఆవిడకి తెలిసిపోయేది. చూపు లేదన్న సంగతి మాకు తప్ప బస్టాండులో ఎవరికీ తెలియదు!

ఒకరోజు బండి తోలే ఆయనెవరో పది పైసలిచ్చాడు. ఆ బిళ్ళ ఒక పక్క కోసేసినట్టుంది. టంకశాలలోనే అలా తయారై వచ్చేసిందన్నమాట. నాయనమ్మ వేలికి అది చిన్నదిగా తగిలింది.

"రెండు పైసలకి గిద్దెడు కాయలు ఎట్టా వస్తాయయ్యా?" అంది.

"రెండేంటి మామ్మా, పది! కళ్ళు కనపడట్లేదా ఏం?" అని నవ్వాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

ఎదురుగా సైకిలు రిపేరు కొట్టు మా నాన్నది. అంతా విన్నాడు. ఇంటికొచ్చాక మెల్లగా అన్నాడు... "ఇక చాల్లే అమ్మా. నలుగురూ నిన్ను చూసి నవ్వుతుంటే నేను చూళ్ళేను. గంప మానెయ్."

"కూర్చోబెట్టి అన్నం పెడతావు, నాకు తెలుసురా. కానీ పొద్దస్తమానం గోడతో మాట్లాడుకోమంటావా?" అంది నాయనమ్మ.

"సరే, ఈ చెరకు బళ్ళు అయిపోయేదాకా చూద్దాం" అన్నాడు నాన్న. అంతవరకే ఒప్పుకున్నాడు.

ఇక మా ఇద్దరికీ కొత్త చదువు మొదలైంది! దీపాలు పెట్టే వేళకి అరుగు మీద చిల్లర ఒంపేవాళ్ళం. తేడాగా ఉన్న బిళ్ళలు ఏరడం నా పని. ఏది ఉంచాలో ఏది పంపాలో తేల్చడం ఆవిడ పని.

నాకేమో అన్నీ దాచేయాలని ఆశ.

"నాయనమ్మా, దీని మీద అంకె రెండుసార్లు పడింది!"

"నా వేలికి తెలుస్తుందా అది? తెలీదు కదా! అయితే నాకేం ఇబ్బంది లేదు. బజారుకి పంపు."

"మరి దీనికి సింహాల మీద అడ్డంగా గీత పడింది!"

"పంపెయ్. అన్నీ దాస్తే బియ్యం నీ సింహాలు తెస్తాయేంట్రా?"

వేలిని తికమక పెట్టేవే ఉంచేది. అంచున గీతల్లేని నున్నటి పావలా... ఒక మూల తెగిన ఐదు పైసలు... అవి ఆవిడ పాత పొడుం డబ్బాలోకి వెళ్ళేవి. రోజూ తీసి తిప్పి తిప్పి చూసేది. వేలికి అలవాటయ్యిందా, "ఇది నాకొచ్చేసిందిరా, ఇంకా కట్టిపడెయ్యడం ఎందుకు" అని మర్నాడే ఉప్పుకో చింతపండుకో ఇచ్చేసేది.

చెరకు బళ్ళు పలచబడ్డాయి. నాకు లోపల ఒకటే భయం... ఒక మధ్యాహ్నం నాన్న నోరు మెదపకుండా కొనేవాళ్ళ మధ్య దూరి, ఒక బిళ్ళ ఆవిడ చేతిలో పెట్టాడు. మాట్లాడొద్దని నాకు సైగ చేశాడు. చూద్దును కదా, గీతల్లేని పావలా! ఎక్కడ సంపాదించాడో మరి!

నాయనమ్మ బొటనవేలు ఒకసారి తిరిగింది.

"పావలా. నున్నంచుది" అంది. కాయలు కొలిచి, చిల్లర ఏరి, ఆ చేతిలో పెట్టి... ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. "అమ్మ దగ్గర డబ్బులిచ్చి కొనుక్కునే కొడుకుని నిన్నే చూశాన్రా! ముందు ఆ గ్రీజు కడుక్కుని తిను."

నాన్న పకపకా నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. మళ్ళీ గంప మాట ఎత్తలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ అక్కడే కూర్చుంది... మహారాణిలా!

డబ్బా ఖాళీ అయిపోయింది, ఆ కోసేసిన పది పైసలు తప్ప. "అది కూడా వచ్చేసిందిగా, పంపేద్దామా?" అని అడిగాను.

"ఎప్పుడో వచ్చేసింది. దీని ధర్మమా అనేగా మిగతావన్నీ నేర్చుకున్నాను. ఇది ఉంటుందిలే" అంది.

ఇప్పటికీ ఉందండీ, నా దగ్గర!

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న విజయవాడలో నాకు కంటి ఆపరేషను అయింది. రెండో కంటికీ సరిగ్గా ఆనదు. పట్టీ కట్టించుకుని మంచం మీద కూర్చుంటే, మా అమ్మాయి రైతుబజారు నుంచి వస్తూనే నా అరచేతిలో ఏదో పెట్టింది.

"నాన్నా... ఉంచుదామా, పంపేద్దామా?"

బొటనవేలితో తిప్పి చూశాను... రెండు రూపాయల బిళ్ళ! అచ్చు ఒక పక్కకి జరిగిపోయి, ఇంకో పక్క ఖాళీగా ఉంది. నా సంతోషం ఏం చెప్పమంటారు! చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ ఈ కథ చెబితే ఆవులించే పిల్ల... ప్రతి మాటా దాచుకుంది! కూరగాయల చిల్లరలో వెతికి మరీ పట్టుకొచ్చింది!

"ఇంకా నాకు రాలేదమ్మా. ఉంచు" అన్నాను. నిజం చెప్పొద్దూ, నా వేలికి అప్పుడే వచ్చేసింది. పొడుం డబ్బాలో ఇప్పుడు రెండు బిళ్ళలు.

నాయనమ్మకి దొరకని వైద్యం నాకు దొరికింది, చేసిన చేతులకి దణ్ణం. ఈ రోజుల్లో ఫోను చూపిస్తే బేరం అయిపోతోంది. సుఖమే, కాదనను. కానీ ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకదానికొకటి తగలడం లేదు...

ఖర్చుపెట్టబుద్ధికాక ఆగిపోయిన బిళ్ళ మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అది ఏ చేతి నుంచి వచ్చిందో కింద రాయండి. నిన్ననే పట్టీ తీసేశారు... అన్నీ నేనే, నా కళ్ళతో చదువుకుంటాను!