మగ్గం దగ్గర పెట్టుకున్న నైట్ గార్డ్

2022 నాటి సంగతి. మాది కుప్పం. మదనపల్లెలో పళ్ల క్లినిక్ పెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. పుంగనూరు నుంచి సరోజమ్మ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, పట్టుచీరలు నేస్తుంది. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. చెవి ముందు ఒకటే నొప్పి. అంతకు ముందే ఎక్కడో ఒక దవడ పన్ను పీకించుకుంది, అయినా తగ్గలేదు. మూడు నెలలుగా గంజితోనే గడుపుతోందట.

"మిగిలినవీ పెరికేయండి సార్. కట్టుడు పండ్లు పెట్టుకుంటా. ఈ బాధ పడలేకుండాను," అంది.

చూస్తే పళ్లు గట్టిగానే ఉన్నాయి. పైభాగాలు అరిగి చదునయ్యాయి, అంతే. అసలు జబ్బు చెవి ముందుండే దవడ కీలుది. దాన్ని టీఎంజే అంటాం. పళ్లన్నీ పీకినా ఆ కీలు అక్కడే ఉంటుంది కదా! కాపడం, మెత్తటి తిండి, దవడకు చిన్న కసరత్తులు చెప్పి, నైట్ గార్డ్ చేయించి ఇచ్చాను. పై పళ్లకు తొడిగే గట్టి ప్లాస్టిక్ తొడుగు అది. నిద్రలో పళ్లు నూరేవాళ్లకు ఇస్తాం. రాత్రి తప్ప పెట్టుకోవద్దని నొక్కి చెప్పాను.

నెల తర్వాత వచ్చింది. నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. మళ్లీ అదే పాట, పీకేయమని. నేను ససేమిరా అన్నాను.

"ఇంకో నెల సూస్తా సార్. తగ్గకుంటే పెరికేవాళ్ల కాడికే పోతా," అని లేచిపోయింది.

ఆ నెల గడిచాక వచ్చి, మూడు వేళ్లు పట్టేంత నోరు తెరిచింది. నా వైద్యమే పనిచేసిందని పొంగిపోయాను. రోజూ రాత్రి పెట్టుకుంటున్నారా అని అడిగితే, ఈ నెలంతా రాత్రి తీసి డబ్బాలో పెట్టేస్తున్నానని, పగలు మగ్గం దగ్గరే పెట్టుకుంటున్నానని తాపీగా చెప్పింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అంతా మీ ఇష్టమైతే ఇక డాక్టరెందుకని గట్టిగానే కోప్పడ్డాను.

ఆమె తొణకలేదు. "నిద్దర్లో నేను యాల కొరుకుతాను సార్? మగ్గం కాడ కూసున్నప్పుడే పండ్లు బిగుస్తాయి. సూడండి," అంటూ కుర్చీలోనే కాలితో మగ్గం తొక్కినట్టు, చేత్తో అడ్డపోగు వేసే నాడె తాడు గుంజినట్టు చేసి చూపించింది.

ఆమె చెంప మీద వేళ్లు ఆనించాను. కాలు కదిలిన ప్రతిసారీ లోపలి కండ రాయిలా బిగుసుకుంటోంది. ముప్పై ఏళ్లుగా, పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా ఇదే పని! నాకు సిగ్గేసింది. నిద్ర గురించి గుచ్చి గుచ్చి అడిగిన నేను, ఏం పని చేస్తారన్నది చీటీలో రాసుకోవడానికి మాత్రమే అడిగాను. కోప్పడినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

"అనుకునేదానికేముండాది సార్. మంచికే కదా అన్నారు," అని నవ్వింది.

పెదవులు మూసినా పళ్లు ఆనకుండా కూర్చోవడం నేర్పించాను. నొప్పి పూర్తిగా పోయాక, అరిగిన పళ్లకు పంటిరంగు ఫిల్లింగ్ వేసి ఎత్తు సరిచేశాను. ఒక్కటీ పీకలేదు.

ఇప్పుడు దవడ నొప్పని ఎవరొచ్చినా, నోరు తెరవమనే ముందు పని ఎట్లా చేస్తారో చూపించమంటాను. మొన్నొక లారీ డ్రైవర్ నా కుర్చీలో కూర్చుని గేర్లు మారుస్తుంటే, బయటివాళ్లు తొంగి చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. సరోజమ్మ పళ్లు ఈ రోజు ఆమె నోట్లోనే ఉన్నాయంటే, అది నా చదువు వల్ల కాదు. ఆమె నా మాట విననందువల్ల.