మొలక రాకముందే దున్నేసే జీవరత్నం

జీవరత్నానికి ఉన్నది ఒకటే జబ్బు. కంప్యూటరు కనబడితే దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడు. అందులో ఉన్న లైనక్స్ పీకేసి ఇంకో రకం లైనక్స్ ఎక్కిస్తాడు. ఎక్కించాక చేతులు దులుపుకుని, "ఇదే ఆఖరుదండి. ఇంక దీని జోలికి వస్తే ఒట్టు," అంటాడు. ఆ ఒట్టు నమ్మినవారు భవానీపురం మొత్తానికి ఒక్కరే. ఆయన పేరు రామకోటేశ్వరరావు గారు. ఆయనైనా మొదటిసారే నమ్మారు.

రామకోటేశ్వరరావు గారు అల్లాటప్పా మనిషి కాదు. కంకిపాడు అవతల పల్లెటూరి బళ్ళో అయిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి, ఆ అయిదు తరగతులతోనే పాల సొసైటీకి ప్రెసిడెంటు అయ్యారు. మూడూళ్ళ పొలాలు మునక్కుండా మురుగు కాలవ తవ్వించారు. చుట్టుపక్కల ఎక్కడా లేని రోజుల్లో పాలు చల్లబరిచే మిషను తెప్పించారు. తనిఖీకి వచ్చిన కలెక్టరుని అరుగు మీద కూచోబెట్టి మజ్జిగ తాగించారు. ఈ సంగతులన్నీ ఆయన ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ కంటే ముందే అందుతాయి. కాఫీ వద్దన్నవాళ్ళకి కూడా అందుతాయి.

మనవరాలు రుచిత కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాత కంప్యూటరు తాతగారికి వదిలేసింది. షాపువాడికి చూపిస్తే, "కొత్త విండోస్ దీనికి ఎక్కదండీ, పారెయ్యండి," అన్నాడు. రామకోటేశ్వరరావు గారికి ఒళ్ళు మండింది. "పారెయ్యడమేంటయ్యా? మా ఆయిలింజను మెకానిక్కులందరూ పోయిందన్నాక కూడా ఎన్నేళ్ళు నీళ్ళు తోడిందో తెలుసా?" అని దులిపేసి, కంప్యూటర్ని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చారు. సరిగ్గా ఆటో దిగే వేళకి స్కూటరు మీద వెనకవీధి జీవరత్నం ఎదురయ్యాడు.

జీవరత్నం టెలిఫోను ఎక్స్ఛేంజీలో చేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో పెన్నులుండాల్సిన చోట పెన్‌డ్రైవులు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. ఎర్రదారంలో ఉబుంటు, పచ్చదారంలో మింట్, తెల్లదారంలో డెబియన్, అన్నీ లైనక్స్ రకాలే. చర్చిలో కానుకల సంచీ వచ్చినప్పుడు చిల్లర కోసం తడుముకుని ఒకసారి పెన్‌డ్రైవు వేసేశాడని వాళ్ళావిడ సువార్తమ్మ చెబుతుంది. ఆ తరవాత పాస్టరు గారి కంప్యూటరు కూడా మారిపోయిందట.

"పారెయ్యకండి ప్రెసిడెంటు గారూ! లైనక్స్ వేస్తే గుర్రంలా పరిగెడుతుంది," అన్నాడు జీవరత్నం, ఆటోవాడి కంటే ముందే పెట్టె అందుకుంటూ.

"లైనక్స్ అంటే?"

"విండోస్ లాంటిదేనండి. ఎవరి సొత్తూ కాదు. ఊరందరిదీ."

"మా సొసైటీ లాగానా?"

"అచ్చం అలాగేనండి! అందులో రకాలుంటాయి. డిస్ట్రోలంటారు. స్వర్ణైనా, సాంబ మసూరైనా వడ్లే కదండీ? ఏ నేలకి ఏ రకం పడుతుందో చూసి వేసుకోవడమే."

వడ్ల భాషలో చెప్పేసరికి రామకోటేశ్వరరావు గారికి ముచ్చటేసింది. చదువుకున్నవాళ్ళకి కూడా ఇంత తేటగా చెప్పడం రాదనుకున్నారు. ఆ ముచ్చట వారం తిరక్కుండానే ఆరిపోయింది.

ఇక్కడ ఆయనకి ఆ కంప్యూటరుతో ఉన్న అవసరం చెప్పాలి. పాల సొసైటీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ప్రత్యేక సంచిక వేస్తున్నారు. ఇప్పటి ప్రెసిడెంటు హర్షవర్ధన్, నిన్నగాక మొన్న మీసం వచ్చిన కుర్రాడు, నిండు మీటింగులో, "పెదనాన్నగారూ, మీరు కూచుని చెబుతూ ఉండండి. మావాళ్ళు రాసుకుంటారు. మీకెందుకు శ్రమ," అన్నాడు. అన్నది మర్యాదకే. కానీ రామకోటేశ్వరరావు గారికి అది చెంపదెబ్బలా తగిలింది. లేచి నిలబడి, "సొసైటీ పుట్టినప్పుడు తీర్మానం నా చేత్తో రాశాను. ఈ వ్యాసం కూడా నా చేత్తో నేనే కంప్యూటర్లో కొట్టి పంపిస్తా. ఆదివారం లోపు అందకపోతే ఆ పేజీ ఖాళీగా వదిలెయ్యండి!" అని బల్ల గుద్ది వచ్చేశారు.

మాటైతే ఇచ్చారు. కానీ కొంతకాలంగా ఆయనకి వస్తువులతో చాలా చిక్కుగా ఉంటోంది. మౌసులు సరిగ్గా తయారుచెయ్యడం లేదు, చేతిలో నిలవడం లేదు. కాఫీ గ్లాసుల అంచులు కూడా సరిగ్గా రావడం లేదు, కాఫీ ఒలికిపోతోంది. చొక్కా బొత్తాలదీ అదే వరస. దేశంలో పనితనం ఎంత దిగజారిపోయిందో ఆయన భార్య రావమ్మ గారికి రోజూ విడమరిచి చెబుతున్నారు. ఆవిడ ఏమీ అనకుండా గ్లాసులో సగమే పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. పొదుపెక్కువై ఆవిడ చెయ్యి కూడా బిగుసుకుపోయిందని ఆయన నొచ్చుకున్నారు.

మొదట ఎర్రదారం ఎక్కింది. పాత మిషను కాస్త ఆయాసపడింది. "ఈ రకం మీ నేలకి బరువండి," అని జీవరత్నం పచ్చదారం తీశాడు. అందులో వ్యాసం తెరవాలంటే బొమ్మ మీద టకటకా రెండుసార్లు నొక్కాలి. రామకోటేశ్వరరావు గారు నొక్కారు. బొమ్మ తెరుచుకోలేదు సరికదా, మౌసుతో పాటు తెరంతా ఊరేగి, పోయి పోయి చెత్తబుట్టలో పడింది.

"చూశావటయ్యా! కలెక్టరు మెచ్చుకున్న సొసైటీ చరిత్ర చెత్తబుట్టలో వేసింది!"

"తప్పు దీనిదేనండి, మీరు సరిగ్గానే నొక్కారు," అన్నాడు జీవరత్నం వ్యాసాన్ని పైకి తీసి పెన్‌డ్రైవులో దాస్తూ. "మార్చేద్దాం."

"వెంటనే మార్చెయ్యడమేనా?"

"పడనిది ఎందుకండీ ఉంచుకోవడం? ఇది మాత్రం ఆఖరుదండి."

తెల్లదారం వచ్చింది. అందులో బొమ్మ పరవాలేదు గానీ, అక్షరాలు గుంపులుగా పడ్డాయి. 'మన పాల సొసైటీ' అని కొడితే 'మమమన పాపాపాల సొసొసైటీ' అని వచ్చింది.

"ఏంటయ్యా ఇది? నేను పాడుతున్నానా, రాస్తున్నానా?"

"దీనికి దూకుడెక్కువండి. మనం ఒకటంటే అది మూడంటోంది. తప్పు దీనిదే," అని జీవరత్నం మళ్ళీ జేబు తడుముకున్నాడు. ఈసారి నీలం దారం.

రామకోటేశ్వరరావు గారికి సహనం చచ్చిపోయింది. "వినవయ్యా జీవరత్నం. నేను వ్యవసాయం చేసినవాణ్ణి. ఏ రకం విత్తనమైనా చల్లాక కోతల దాకా ఆగుతారు. నువ్వు మొలక రాకముందే దున్నేస్తున్నావు! ఇలాంటి రైతుకి మా సొసైటీలో గేదెని కాదు, కోడిని కూడా ఇవ్వం!"

"అవునండి," అన్నాడు జీవరత్నం, నీలం దారం పెన్‌డ్రైవు గుచ్చుతూ.

ఆ రాత్రి భోజనాల దగ్గర రావమ్మ గారు ఉపాయం చెప్పింది. "మీరు బాగాలేదు బాగాలేదంటేనే కదా ఆయన మార్చేది. బాగుందని ఒక్కమాట అనెయ్యండి, పీడ పోతుంది."

మర్నాడు జీవరత్నం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆయన వీధిలోకి వినపడేలా, "దివ్యంగా ఉందయ్యా! దీన్ని మించింది లేదు! ముట్టుకోకు!" అన్నారు.

"చాలా సంతోషమండి. ఏదీ, ఒకసారి వ్యాసం తెరవండి, కళ్ళారా చూసి పోతాను."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి మౌసు పట్టుకున్నారు. ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంది. దాన్ని మూయబోతే మరో రెండు తెరుచుకున్నాయి. చివరికి తెర అంతా కిటికీలతో కల్యాణ మండపంలా తయారైంది. జీవరత్నం తెర వైపు చూడటం లేదు. కింద ఎక్కడో బల్ల వైపు చూస్తున్నాడు. చూసి చూసి తల గోక్కున్నాడు.

"ఇది కూడా లాభం లేదండి. తప్పు దీనిదే. ఒక పని చేస్తాను. మిషన్నే ఇంటికి తీసుకెళ్ళి, అన్నీ చూసుకుని తెస్తాను."

"ఎల్లుండి ఆదివారమయ్యా!"

అప్పటికే జీవరత్నం తీగలు పీకేసి పెట్టెని స్కూటరు ముందు నిలబెట్టాడు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, "ఇదే ఆఖరు..." అంటూ మలుపు తిరిగిపోయాడు. మిగతా ముక్క హారను మింగేసింది.

శనివారం పొద్దున్న ఎదురుచూశారు. జీవరత్నం రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. రామకోటేశ్వరరావు గారికి హర్షవర్ధన్ కళ్ళముందు మెదిలాడు. సంచికలో ఖాళీ పేజీ, దాన్ని చూసి "పాపం పెద్దాయన, చేతకాలేదు" అనే జనం, అన్నీ మెదిలాయి. గొడుగు తీసుకుని లేచారు.

"ఎక్కడికి?" అంది రావమ్మ గారు.

"నా మిషను నాకు తెచ్చుకోడానికి. మళ్ళీ జన్మలో నా గడప తొక్కొద్దని చెప్పడానికి!"

దారి పొడుగునా తిట్లు పేర్చుకుంటూ నడిచారు. మురుగు కాలవ కాంట్రాక్టరు మీద వాడగా మిగిలిపోయిన మంచి మంచి తిట్లు కొన్ని ఆయన దగ్గరున్నాయి. అవన్నీ వరసలో పెట్టుకునేసరికి జీవరత్నం ఇల్లు వచ్చింది. గేటు దగ్గరే లోపలి నుంచి గ్రైండరు మోత.

సువార్తమ్మ ఎదురొచ్చింది. "రండి అన్నయ్యగారూ, సమయానికి వచ్చారు. మీరైనా చెప్పండి ఈ మనిషికి. పప్పు నానబెట్టింది లేదు, బియ్యం పోసింది లేదు, పొద్దున లేచింది మొదలు వట్టి గ్రైండరు తిప్పుతున్నారు!"

"గ్రైండరు సంగతి అలా ఉంచు. మారుస్తున్నాడా మళ్ళీ? మీ ఇంట్లో కంప్యూటరు లేదా అమ్మా, ఆ మార్చేదేదో దాన్ని మార్చుకుని చావక, మా మీద పడతాడేం?"

"మాదా?" సువార్తమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మా దాన్ని ఈగ వాలనివ్వరండి! ఎక్స్ఛేంజీలో ఉండగా ఏ లైనక్స్ వేశారో ఇప్పటికీ అదే. తెర మీద బొమ్మ మారుద్దామని మా పిల్ల అడిగితే, 'బాగా నడిచేదాన్ని కదిపితే పాపం' అని కసిరారు."

రామకోటేశ్వరరావు గారు వరసలో పెట్టుకున్న తిట్లు కాస్త చెదిరాయి. మార్చే జబ్బున్నవాడు సొంత కంప్యూటర్ని ఎందుకు వదిలాడు? ఆలోచిస్తూనే వంటగదిలోకి తొంగి చూశారు.

గట్టు మీద ఆయన కంప్యూటరు. పక్కనే వట్టి గ్రైండరు గిర్రున తిరుగుతోంది. జీవరత్నం కుడి మోచెయ్యి గ్రైండరుకి గట్టిగా ఆనించి, ఆ చేత్తో మౌసు పట్టుకున్నాడు. గ్రైండరు అదురుకి చెయ్యి గడగడా వణుకుతోంది. ఆ వణుకుతోనే నొక్కుతున్నాడు, ఆ వణుకుతోనే అక్షరాలు కొడుతున్నాడు, తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"ఆఁ... ఒక్క నొక్కుకే తెరుచుకుంది. మంచిది. ఇప్పుడు 'పాల'... వెంటవెంటనే పడినవి లెక్కలోకి తీసుకోవద్దన్నాను కదమ్మా... 'పాల'... శభాష్, ఒక్కసారే పడింది!"

రామకోటేశ్వరరావు గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ వణుకు ఆయన ఎరగంది కాదు. పొద్దున్నే కాఫీ దగ్గర, బొత్తాల దగ్గర, సంతకం దగ్గర రోజూ చూస్తున్నదే. ఇన్నాళ్ళూ ఈ మనిషి మౌసు జారినప్పుడల్లా 'తప్పు దీనిదే' అన్నాడు. అక్షరాలు గుంపుగా పడినప్పుడల్లా 'దీని దూకుడు' అన్నాడు. ఎంతసేపు తిట్టినా 'అవునండి' అన్నాడు. చెయ్యి అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

జీవరత్నం తల తిప్పి చూసి అదిరిపడ్డాడు. "ప్రెసిడెంటు గారూ! మీరా? అదీ... గ్రైండరు రిపేరు చేస్తున్నానండి."

"మౌసుతోనా?"

జీవరత్నం గ్రైండరు వైపు చూశాడు. మౌసు వైపు చూశాడు. ఇంకో అబద్ధం దొరుకుతుందేమోనని జేబు వైపు కూడా చూసుకున్నాడు. అన్ని దారాలున్న ఆ జేబులో అది మాత్రం లేదు.

"ఈ రకం... మీ నేలకి పడుతుందేమోనని..."

"నేల సంగతి నాకు తెలుసులేవయ్యా," అన్నారు రామకోటేశ్వరరావు గారు. గొడుగు తలుపు వారకి ఆనించారు. స్టూలు లాక్కున్నారు. జీవరత్నాన్ని భుజం పట్టుకుని పక్కకి జరిపి, కూచుని, మౌసు మీద చెయ్యి వేశారు. చెయ్యి వణికింది. వణకనిచ్చారు.

"గ్రైండరు కట్టేయవయ్యా," అన్నారు. "ఒరిజినలు వచ్చిందిగా."