సూర్యుడి మచ్చలు పూడ్చిన రోజులు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు, ముందే చెబుతున్నాను. కోపం చిన్నప్పటినుంచీ ముక్కుమీదే ఉండేది. మా బాపు మాత్రం ఇంట్లో ఉన్నాడో లేడో తెలియనంత నెమ్మది. శంషాబాద్‌లో బెంగుళూరు సడక్ పక్కన మాకో ఫొటో దుకాణం ఉండేది. ఫొటో తీసేది బాపు, ఆ ఫొటోలో మొహాల మచ్చలు తీసేది నేను.

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. అప్పట్లో ఫొటో గాజు పలక మీద పడేది. దాన్ని ప్లేటు అనేవాళ్లం. దాని మీద అంతా తారుమారే, తెల్లనిది నల్లగా, నల్లనిది తేటగా కనబడుతుంది. ఆ రోజుల్లో ఏ మొహం చూసినా అమ్మవారు పోసిన మచ్చలే. ఆ గుంటలు ప్లేటు మీద సూదితో పొడిచినట్టు తేటగా ఉండేవి. నేను పలచగా మందు రాసి, సన్నగా చెక్కిన గట్టి పెన్సిల్‌తో ఒక్కొక్క గుంటనూ చుక్కలు పెట్టి పూడ్చేదాన్ని. పైన వార్నిష్ పూస్తే పని అయినట్టే. కాగితం మీద అచ్చు తీస్తే మొహం నున్నగా వచ్చేది. "మచ్చలున్న మొహం గిరాకీకి ఇయ్యొద్దు బిడ్డా" అన్నది బాపు నాకు నేర్పిన మొదటి పాఠం. షాద్‌నగర్ నుంచి కూడా పెళ్లిపిల్లలు వచ్చేవాళ్లు. ఫొటో చూసుకుని "అబ్బ, గీమె నేనేనా?" అని మురిసిపోయేవాళ్లు. "కాదు, మీ మేనత్త" అనేదాన్ని.

నాకు పన్నెండో ఏట మా అమ్మ పోయింది. ఆమెకున్నది ఒకే ఒక్క ప్లేటు. కొత్త కెమెరా తెచ్చిననాడు బాపు ఆమెను గడపలో కూర్చోబెట్టి తీశాడట. మొదట తీసిన అచ్చును చెదలు తినేశాయి. అమ్మ మొహం నిండా మచ్చలే. పదిహేనేళ్లకు నా చేతికి పని పట్టుబడగానే, బాపుకు చెప్పకుండా నాలుగు రోజులు కూర్చుని అవన్నీ పూడ్చేశాను. అచ్చు తీసి, పటం కట్టించి, దుకాణంలో గోడకు తగిలించాను. బాపు చూశాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ పటం వైపు తలెత్తి చూడలేదు. దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. నేను కుర్చీ ఇటు తిప్పితే మర్నాటికల్లా అటు తిరిగి ఉండేది. పెళ్లాం పోయి మూడేళ్లు తిరగలేదు, అప్పుడే మరిచిపోయాడా అని నాకు ఒళ్లు మండేది. ఇన్ని మాటలాడే నోరు ఆ ఒక్క మాట అడగలేకపోయింది. ఏడేళ్లు ఆ కోపం కడుపులోనే పెట్టుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ప్లేట్లు మళ్లీ దొరుకుతున్న కొత్తలో మా పక్కింటికి లెక్కల సారు ఒకాయన కిరాయికి వచ్చాడు. బెజవాడ వైపు మనిషి. పట్నంలో పాత సామాన్ల బజారులో ఇత్తడి దుర్భిణి ఒకటి కొన్నాడు. దానితో సూర్యుణ్ణి ఫొటో తీస్తానని మా బాపు దగ్గరికి వచ్చాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు. ఈయన వాడి తమ్ముడై ఉంటాడనుకున్నాను.

బాపు నవ్వలేదు. పాత కెమెరాకు ముందున్న అద్దం విప్పి, రేకుతో గొట్టం చేయించి, దుర్భిణిని దానికి తగిలించి, మా మిద్దె మీద పెట్టాడు. వెలుగు తగ్గడానికి దుర్భిణి మూతికి చిన్న బెజ్జం ఉన్న అట్ట పెట్టారు. సన్నని చీలిక ఉన్న ఇంకో అట్టను పైనుంచి జారవిడిస్తే, అది కిందపడేలోగా ఫొటో అయిపోయేది. సూర్యుణ్ణి సూటిగా చూస్తే కళ్లు పోతాయని, తెల్ల కాగితం మీద బొమ్మ పడేలా చేసి గురి చూసుకునేవాళ్లు. పొద్దెక్కితే మిద్దె సెగ కక్కుతుంది, సూర్యుడి అంచు వణుకుతుంది. అందుకని రోజూ ఎండ ముదరకముందే పని ముగించేవాళ్లు. నేను ఒక్కనాడూ పైకి పోలేదు, ఏం తీస్తున్నారని అడగలేదు. పొయ్యి సెగ చాలదా నాకు?

ఎనిమిది పొద్దులు, ఎనిమిది ప్లేట్లు. వాటిని కడిగి ఆరబెట్టి, బాపు పెళ్లి ఫొటోలకని మైలార్‌దేవ్‌పల్లి పోయాడు. "రెండు దినాలల్ల వస్త. సారుకు అచ్చులు తీసియ్యి" అన్నాడు.

ప్లేట్లు బల్ల మీద పెట్టుకుని చూస్తే ఏముంది? ఎనిమిదింటి మీదా నల్లని గుండ్రటి మొహం, దాని నిండా తేట గుంటలు. ఒకచోట పెద్దవి రెండు, వాటి చుట్టూ పిల్ల గుంటలు. అయ్యో, సూర్యభగవానుడికి కూడా అమ్మవారు పోసిందా అని నవ్వుకున్నాను. దుర్భిణి అద్దం మీది దుమ్మే అయి ఉంటుందని తేల్చుకున్నాను. చెయ్యి ఊరుకుంటుందా? రెండు రోజులు మెడ ఎత్తకుండా అన్నీ పూడ్చి, వార్నిష్ కూడా పూసి, అచ్చులు తీశాను. కడిగిన వెండి పళ్లేల్లా వచ్చాయి.

సారు వచ్చి చూశాడు. తిప్పి తిప్పి చూశాడు.

"మచ్చలేవమ్మా?" అన్నాడు.

"అన్ని తీసేసిన సారూ. ఒక్కటి గూడ ఉంచలే" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆయన అలాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. మెల్లగా చెప్పాడు. ఆ మచ్చలు అద్దం మీది దుమ్ము కాదు, సూర్యుడి మీదే ఉన్నాయట. రోజుకింత జరుగుతాయట, వాటిని బట్టే సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడని తెలుస్తుందట. "ఇంత పెద్ద మచ్చలు ఎప్పుడో గాని రావమ్మా. రేపో మాపో అంచు దాటిపోతాయి. ఆ ఎనిమిది రోజులు మళ్లీ ఎక్కడినుంచి తేను?"

"ముందుగాల చెప్పొద్దా సారూ!" అని ఆయన మీదే అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెద్దదవుతుంది. ఆయన లేచి వెళ్లిపోయాడు. లోపలికి పోయి ఏడ్చాను.

సాయంత్రం బాపు వచ్చాడు. అంతా విన్నాడు.

"కత్తి వెట్టి గీకినవా?"

"లే. పెన్సిలే. మీద వార్నిష్ పూసిన."

"అయితే ఏం గాలే. పరేషాన్ గాకు."

స్పిరిట్ సీసా, టర్పెంటైన్ సీసా, దూది తెచ్చి కూర్చున్నాడు. మొదట స్పిరిట్‌తో వార్నిష్ కరిగించి, తర్వాత టర్పెంటైన్‌తో అద్దాడు. దూది నల్లబడింది, గుంటలు ఒక్కొక్కటీ తేటగా బయటికొచ్చాయి. నేను నోరు తెరుచుకుని చూశాను. మచ్చలు తిరిగి కావాలని అడిగిన గిరాకీ అంతవరకు మా దుకాణానికి రాలేదు. ఆరిపోయిన వార్నిష్ కింది పెన్సిల్ కూడా పోతుందని నాకేం తెలుసు?

"ఎన్ని దినాలదైనా పోతదా బాపూ?"

"పోతది. జర పైలంగ చెయ్యాలె."

"ఏడేండ్లదైనా?"

ఆయన చెయ్యి ఆగింది. "పోతది" అన్నాడు.

"గంత తెలిసి, అమ్మది ఎందుకు తుడ్వలే?"

"నువ్వు ముచ్చటపడి చేసినవ్ బిడ్డా. ఎట్ల తుడుస్త?" అన్నాడు. "గా పటంల మీ అమ్మ లేదు. ఎవరో పరాయి ఆడామెను చూసినట్టుంటది నాకు" అన్నాడు.

ఏడేళ్లు ఆయన్ని లోలోపల తిట్టుకున్నాను. నా మనసు నొవ్వకూడదని ఆయన ఏడేళ్లు అమ్మ మొహం చూడకుండా ఉన్నాడు.

మర్నాడు సారుకు ఎనిమిది అచ్చులూ ఇచ్చాను. ఆయన వాటిని మా బల్ల మీద వరుసగా పేర్చాడు. మచ్చల గుంపు రోజుకింత జరిగి, ఎడమ అంచు నుంచి నడిమి దాటి అవతలికి పోయింది. ఒక ప్లేటుకు మాత్రం తుడుస్తుంటే అంచున గాజు మీది బొమ్మ పొర లేచిపోయింది. "పోనీలేమ్మా, మచ్చలున్నాయి కదా" అని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అమ్మ ప్లేటు కూడా తుడుస్తానంటే, ఆ లేచిన పొర చూసే బాపు ముట్టొద్దన్నాడు. "పాతది బిడ్డా. పొర లేస్తే ఉన్న ఒక్కటి గూడ పోతది. ఉండనీ." నేను వినలేదు. పెట్టిన చెయ్యి నాదే, తీసే చెయ్యి కూడా నాదే కావాలని మొండికేశాను. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చున్నాను. ముందు చీర అంచు దగ్గర దూది అద్ది చూశాను. పొర నిలిచింది. గడ్డం దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నానికి నుదుటిదాకా వచ్చాను. మధ్యమధ్య లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. ఎడమ చెంప మీద దగ్గరదగ్గరగా మూడు గుంటలు వచ్చాయి. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకుని వాటిలో వేలు పెట్టి ఆడుకునేదాన్ని. ఆ సంగతే నేను మరిచిపోయాను.

అచ్చు తీసి, పాతది తీసేసి, అదే పటంలో బిగించి గోడకు తగిలించాను. కుర్చీ జోలికి పోలేదు. బాపు బయటినుంచి వచ్చి, కూర్చోబోతూ ఆగాడు. చాలాసేపు నిలబడే చూశాడు. తర్వాత కుర్చీని తానే ఇటు తిప్పుకుని, పటానికి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్ని దినాలాయెనే నిన్ను జూసి" అన్నాడు అమ్మతో.